రాని బంతుల లెక్క

గోల్‌కీపర్ పని చేతులతో చేసేదని ఎవరైనా అంటే గరికిన నూకరత్నానికి ఒళ్ళు మండుకొస్తుంది. చేతుల దాకా వచ్చిందంటే అప్పటికే ఎక్కడో పని చెడిందని ఆమె అంటుంది. ముందు నిలబడ్డ నలుగురు డిఫెండర్లకు తమ వీపు వెనక ఏం జరుగుతోందో కనబడదు. మైదానమంతా ఎదురుగా కనబడేది ఒక్క కీపర్‌కే. కాబట్టి ఆవిడ తొంభై నిమిషాలూ అరవాలి. "ఎడమకి!", "లైను పైకి!", "వెనకాల మనిషి!" అని అరిచి అరిచి, అసలు బంతి తనదాకా రాకుండా చూసుకోవాలి. పదిహేనేళ్ళుగా రత్నం చేసింది అదే. విశాఖలో సాగరతీర మహిళా జట్టు ఆడుతుంటే బీచి రోడ్డు మీద ఆటోవాళ్ళకు టికెట్టు లేకుండానే ఆట సంగతి తెలిసిపోయేదని చెప్పుకునేవారు. అతిశయోక్తే గానీ, మరీ అంత పెద్దదేం కాదు.

ఆ గొంతు తండ్రిది. ఎల్లాజి జాలరిపేటలో పెద్దవల లాగించే మనిషి. సముద్రంలోకి పడవ మీద తీసుకెళ్ళి పరిచిన వలను ఒడ్డున రెండు జట్లు చెరో తాడూ పట్టుకుని లాగుతాయి. ఒక జట్టు తొందరపడిందంటే వల వంకర తిరిగి చేపంతా జారిపోతుంది. అందుకని మధ్యలో ఒకడు నిలబడి ఎవరు ఆపాలో ఎవరు లాగాలో కేక వెయ్యాలి, ఆ కేక అలల హోరు దాటి వినబడాలి. రత్నం ఆ కేకను ఆరేళ్ళకే పట్టేసింది. బంతి పట్టడం ఆ తర్వాతెప్పుడో నేర్చింది.

అటువంటి రత్నానికి ముప్పై మూడో ఏట కేక పోయింది. జలుబు చేసి కాదు. మాట్లాడగలదు, పాడగలదు, కుళాయి దగ్గర పక్కింటావిడతో పోట్లాడగలదు. ప్రమాదం చూసినప్పుడు లోపలినుంచి తన్నుకొచ్చే ఆ ఒక్క కేక మాత్రం రాదు.

దానికి కారణం గోరంత పట్టీ. నిరుడు వేసవిలో క్లబ్బువాళ్ళు ఆమె మెడ వెనక అతికించారు. 'ముందడుగు' అని దాని పేరు. తయారుచేసినవాడు డాక్టర్ బెహరా సోమసుందర్, ఊళ్ళోనే నరాల మీద పరిశోధన చేసే ప్రయోగశాల నడుపుతున్న నెమ్మదైన మనిషి. మొదటిరోజు ఆయన రత్నాన్ని గోల్లో నిలబెట్టి, కళ్ళకు గంతలు కట్టి, మోనిక చేత పెనాల్టీ కొట్టించాడు. మోనిక జట్టులో రెండో కీపర్, అరకు నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్ల. బంతి తన్నిన చప్పుడు చెవిన పడేసరికే రత్నం కుడివైపు గాల్లో ఉంది. బంతి వచ్చి అరచేతుల్లో పడింది. ఆమె గంతలు విప్పుకుని తన చేతుల వంక తనే వింతగా చూసుకుంది.

"ఇదెలగొచ్చింది సార్ నా చేతుల్లోకి?"

"మైదానం చుట్టూ పదహారు కెమెరాలు పెట్టాం కదమ్మా. తన్నేవాళ్ళ నడుమూ మోకాలూ ఎటు తిరిగాయో అవి చూస్తాయి, బంతి ఎటు రాబోతోందో పట్టీకి చెబుతాయి. పట్టీ మీ వెన్నుకి చిన్న చురక పెడుతుంది. మీకు తెలిసేలోపే మీ కాళ్ళకు తెలిసిపోతుంది."

"మరి నేనేటి చెయ్యాలి?"

"మీరేం చెయ్యక్కర్లేదు," అని నవ్వాడు డాక్టర్.

ఆ మాటకి అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ వయసు మీద పడుతున్న ఆటగత్తెకి ఎవరైనా రెక్కలిస్తానంటే ఎన్ని ప్రశ్నలు వేస్తుంది? ఉంచుకుంది. ఆ సీజన్లో ఆమె ఆపినన్ని బంతులు దేశంలో ఏ కీపరూ ఆపలేదు. సిరిపురం జంక్షన్లో గాల్లో అడ్డంగా ఎగురుతున్న ఆమె బొమ్మ మూడంతస్తుల ఎత్తున వెలిసింది. ఎల్లాజి ఆ బొమ్మ కింద నిలబడి, "నోరు మూసుకునున్నాదేటిరా మా రత్నం?" అని ఎవరినో అడిగాడట. జనం నవ్వేశారు. నిజానికి ఆమె కేక పోయిన సంగతి మొదట కనిపెట్టింది ఆ ముసలాయనే.

రెండోసారి కనిపెట్టింది సుంకమ్మ. కర్నూలు పిల్ల, రక్షణ వరుసకు పెద్ద. ఏడేళ్ళుగా రత్నం ముందు నిలబడి ఆడుతోంది. ఒక ఆట అయిపోయాక బూట్ల తాళ్ళు విప్పుకుంటూ నిష్ఠూరంగా అంది.

"యాందక్కా, ఈ నడుమ గమ్మునుంటాండావు? ఎనకాల ఎవరొస్తాండారో మాకెట్ల తెలుస్తాది? కండ్లకు గంతలు కట్టినట్ల తిరుగుతాండాం."

"బంతి ఆపేస్తన్నాను కదే."

"ఆపుతాండావులే. అన్నన్ని బంతులు నీదాకా ఎందుకొస్తాండాయో అదీ సూడు."

రత్నం చూడలేదు. పొగడ్త మత్తులో ఉన్నవాళ్ళకు నిజం చెబితే కిట్టనితనంలాగే వినబడుతుంది. ఆమెకూ అలాగే వినబడింది.

ఆ మత్తు ఒక ఆదివారం మధ్యాహ్నం దిగింది. భర్త మరబోటు మీద వేటకెళ్ళి పది రోజులైంది. ఇంట్లో తండ్రీ, తనూ, ఆరేళ్ళ కూతురు పైడీ. రత్నం పొయ్యి మీద మూకుట్లో నూనె పెట్టి, కారం పట్టించిన వంజరం చేప ముక్కలు తేవడానికి వసారాలోకి వెళ్ళింది. తిరిగొస్తుంటే గుమ్మంలోంచి కనబడింది. పైడి పీట ఎక్కి, మూకుడు చెవి పట్టుకోబోతోంది. మధ్య ఆరడుగుల దూరం. పట్టీ ఆటల్లేనప్పుడు ఆపేసే ఉంటుంది, ఆవేళా ఆపేసే ఉంది. "పైడీ!" అని ఒక్క కేక వేస్తే చాలు, పిల్ల చెయ్యి వెనక్కి తీసేది. కేక రాలేదు. దాని బదులు రత్నం గాల్లోకి లేచింది. చేతిలోని చేప ముక్కల గిన్నె ఎగిరిపోయింది, ముక్కలు చెల్లాచెదురయ్యాయి. చాచిన చెయ్యి పీట అంచుకు తగిలింది. పీట ఒరిగింది, మూకుడు పిల్ల ముంజేతి మీద ఒలికింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని నిద్రపోతున్న మనవరాలి పక్కన కూర్చుని ఎల్లాజి తువ్వాలుతో విసురుతున్నాడు. విసురుతూనే నెమ్మదిగా అడిగాడు.

"కేకెయ్యలేదేటే అమ్మా?"

"రానేదు నాన్నా. నోరు తెరిసినాను. రానేదు."

"కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడిపోనాదంటారే, అలగున్నాది నీ పట్టీ," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే రత్నానికి కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు ఆమె పట్టీని తనే పీకేసుకుంది. మెడ మీద చర్మం లేచిపోయి రక్తం వచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్ళి డాక్టర్ సోమసుందర్ బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పింది. ఆయన పిల్ల చెయ్యి ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. తర్వాత ఆమె గొంతు మీదా పిక్కల మీదా తీగలు అంటించి, చీకటి గదిలో తెర ముందు కూర్చోబెట్టాడు. తెర మీద ఒక చంటిపిల్ల రోడ్డుకు అడ్డంగా పరిగెత్తింది, ఎదురుగా లారీ. రత్నం కుర్చీతో సహా పక్కకి పడిపోయింది. తీగల యంత్రం గీస్తున్న కాగితం మీద పిక్కల గీత అంచు దాటేంత ఎత్తు లేచింది. గొంతు గీత కదల్లేదు.

డాక్టర్ ఆ రెండు గీతల్నీ వేలితో చూపించాడు. "ప్రమాదం చూడగానే మెదడులో ఒక ఉలికిపాటు పుడుతుందమ్మా. అందులో సగం గొంతుకి పోతుంది, సగం కాళ్ళకి. మన పట్టీ మొత్తం కాళ్ళకే లాగేసింది. ఏడాది అలా లాగేసరికి మీ మెదడు అదే దారికి అలవాటుపడింది. పట్టీ తీసేసినా..." ఆయన ఆగిపోయాడు. "ఇది నేను వెతకలేదు. వెతకాలని కూడా తోచలేదు."

"మళ్ళీ వస్తాదా?"

"తెలీదు. అబద్ధం చెప్పలేను."

"ఇంకోటి సెప్పండి. పట్టీ రాకముందు ఆటకెన్ని బంతులొచ్చేవి నా మీదకి?"

ఆయన కంప్యూటర్లో చూశాడు. "నాలుగు."

"ఇప్పుడో?"

"పదకొండు."

"మరి దాన్ని నా గొప్పని బొమ్మేసి కట్టినారు," అంది రత్నం. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆపిన బంతులు లెక్కెట్టినారు సార్. నా కేకకి రాకుండా పోయిన బంతులు ఎవరు లెక్కెట్టినారు?"

"నేను పెట్టలేదమ్మా," అన్నాడు డాక్టర్. ఒప్పుకున్నాడు, అది ఆయన మంచితనం.

క్లబ్బు డైరెక్టర్ ప్రద్యుమ్న దగ్గర మాత్రం ప్రతిదానికీ జవాబుంది. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట కూడా అంతే. ఆయన డాక్టర్ నివేదిక పక్కన పెట్టి చిరునవ్వు నవ్వాడు.

"పాపకి అలా జరగడం నిజంగా బాధాకరం రత్నం గారూ. కానీ ఇంట్లో ప్రమాదాలు అందరికీ జరుగుతాయి. వచ్చే నెల అకాడమీలో పిల్లలకు కూడా పట్టీలు పెడుతున్నాం. ఈ సమయంలో మీరు తీసేస్తే ఏం బాగుంటుంది?"

"ఏ పిల్లలకి? పన్నెండేళ్ళోళ్ళకా?"

"చిన్నప్పుడే మొదలుపెడితే ఫలితం ఎక్కువ."

రత్నానికి పైడి చేతికున్న కట్టు కళ్ళముందు ఆడింది. "నేను పట్టీ లేకుండానే ఆడతాను. మూడు వారాలు టైమివ్వండి. మన జట్టునే రెండుగా చీల్చి ఆటెట్టండి. మోనికకీ పట్టీ ఎట్టినారు కదా, అటు అది పట్టీతో, ఇటు నేను ఉత్తి మెడతో. నేను పనికొస్తే పట్టీ పెట్టనని రాసివ్వండి, నాకూ పిల్లలకీ. పనికిరాకపోతే నా సామాను నేనే సర్దుకుంటాను."

ప్రద్యుమ్న ఒప్పుకున్నాడు. ఓడిపోయే పందెం ఎదుటివాళ్ళే వేస్తుంటే ఎవరు కాదంటారు?

ఆ మూడు వారాలూ రత్నం తెల్లారగట్ల జాలరిపేట ఒడ్డున తండ్రి చోటులో నిలబడింది. వల లాగేవాళ్ళు అందరూ ఎరిగినవాళ్ళే, మొహమాటపడి నవ్వు దాచుకునేవారు. కుడి జట్టు తొందరపడుతున్నట్టు ఆమెకు కనబడేది, కేక వెయ్యబోయేది. ఒళ్ళు చటుక్కున పక్కకి దూకేది, నోరు మాత్రం చేప నోరులా తెరుచుకుని మూసుకునేది. నాలుగు రోజులు వరసగా చేప జారిపోయింది. అయినా ఎవరూ ఆమెను పక్కకి జరగమనలేదు, అది ఆ పేట పద్ధతి. అయిదో రోజు ఎల్లాజి విసుగెత్తి, తడి ఇసకలో రెండు గుంటలు తవ్వాడు.

"దిగు."

"ఏటి?"

"ఉలుకు కాళ్ళలోకి పోతన్నాదని ఆ డాట్రుబాబు సెప్పినాడు కదా. కాళ్ళు పాతెత్తాను. ఎటు పోద్దో సూద్దాం."

మోకాళ్ళదాకా ఇసక కప్పి, కాళ్ళతో తొక్కి బిగించాడు. వల దగ్గరికొస్తోంది. కుడి తాడు జోరుగా కదిలింది. రత్నం ఒళ్ళు దూకబోయింది, ఇసక పట్టుకుంది. ఆ ఊపు కడుపులోకి, కడుపులోంచి రొమ్ములోకి ఎగదన్నింది. తెరిచిన నోట్లోంచి ఒక బొంగురు చప్పుడు ఊడిపడింది. అది మాటా కాదు, కేకా కాదు. కానీ కుడి జట్టు ఆగింది.

ఎల్లాజి కళ్ళు తుడుచుకుని, "గొంతు కాకిలాగున్నాది," అన్నాడు. ఆ పూట వల నిండా కవళ్ళ చేపలు పడ్డాయి.

పందెం ఆట నాటికి ఇసకలో ఉంటే కేక పది సార్లకు ఏడు సార్లు వస్తోంది. పచ్చికలో కాళ్ళు పాతుకోవడం కుదరదు. ఆ సంగతి రత్నానికి తెలుసు, సుంకమ్మకీ తెలుసు. గ్యాలరీలో తెర మీద ఇద్దరు కీపర్ల పేర్ల పక్కనా ఆపిన బంతుల లెక్క మెరుస్తోంది. డాక్టర్ సోమసుందర్ ఓ మూల పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు.

మొదటి సగం ఘోరంగా పోయింది. ఎడమవైపు ఖాళీ చోటులోకి ఎవరో దూసుకొస్తున్నట్టు రత్నం చూసింది, నోరు తెరిచింది, కాళ్ళు దూకేశాయి. అదీ తప్పు వైపుకి. బంతి రెండో వైపునుంచి మెల్లగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. రెండో గోలు కూడా దాదాపు అలాగే. అవతల మోనిక ఒకటి వదిలినా, నాలుగు ఆపింది. విరామంలో మోనిక పక్కనుంచి పోతూ, "అక్కా, సారీ," అంది. రత్నం మొదటిసారి గమనించింది, ఈ పిల్ల కూడా ఆటంతా ఒక్క మాటా మాట్లాడటంలేదు.

సుంకమ్మ నీళ్ళ సీసా అందించి పక్కన చతికిలబడింది. "అక్కా, మాకు నువ్వు ఎగరక్కర్లే. రెండు గోల్స్ పడినాయి, ఇంకో రెండు పడనీ. నువ్వు అరిస్తే సాలు. అంతే."

"కాళ్ళు వినటంలేదే."

"నీ కాళ్ళెప్పుడూ మునేళ్ళ మింద ఉంటాయి. నిలబడేదే ఎగరనీకి నిలబడితే అవి ఎగరక ఏం జేస్తాయి?"

కీపర్ మునివేళ్ళ మీద నిలబడాలి. అది మొదటి పాఠం. మడమ నేలకానించిందని రత్నం చిన్నప్పుడు కోచ్ చేత ఎన్నిసార్లు చీవాట్లు తిందో లెక్కలేదు. రెండో సగంలో ఆమె గోల్లోకి వెళ్ళి, పదిహేనేళ్ళ చదువునీ పక్కన పెట్టి, రెండు మడమలూ నేలకేసి అదిమి, పాతిన గుంజలా నిలబడింది. గ్యాలరీలో ఎవరో పకపకా నవ్వారు. నవ్వనీ అనుకుంది.

కుడి పక్కనుంచి ఎదుటి జట్టు పిల్ల లోపలికి దూసుకొస్తోంది. ఉలికిపాటు పుట్టింది. కాళ్ళలోకి దిగబోయింది, మడమలు దాన్ని అడ్డుకున్నాయి, అది వెనక్కి మళ్ళింది.

"సుంకీ, కుడీ!"

సుంకమ్మ తిరిగి చూడకుండానే కుడికి జరిగింది, బంతి ఆమె కాలికి తగిలి బయటికి పోయింది. రత్నం ఒళ్ళంతా జల్లుమంది. సంతోషమని అప్పటికప్పుడు తెలియలేదు, భయమనుకుంది. తర్వాత మరో కేక. "లైను పైకి! పైకి! ఎనకాల మనిషుంది సూడండే!" కొన్నిసార్లు రాలేదు. వచ్చినప్పుడు కాకి గొంతే. కానీ నలుగురు డిఫెండర్లూ ఆ గొంతుకి ఏడాది ఉపవాసం చేసినవాళ్ళలా కదిలారు. నలభై అయిదు నిమిషాల్లో గోలు మీదకి ఒక్క బంతీ రాలేదు. ఒక్కటి కూడా. అవతల మోనిక ముందున్న వరుస మాత్రం చెల్లాచెదురై, ఆ పిల్ల ఇంకో అయిదు ఆపి, ఇంకో రెండు వదిలింది. మూడు-రెండుతో రత్నం వైపు గెలిచింది.

తెర మీద తుది లెక్క వెలిగింది. మోనిక ఆపినవి తొమ్మిది. నూకరత్నం ఆపినవి సున్నా.

ప్రద్యుమ్న చప్పట్లు కొడుతూ మైదానంలోకి వచ్చాడు, వెనకాలే డాక్టరూ. అవతలి చివర ఆ ఆటలో లేని పిల్లలు గోలుకేసి బంతులు తన్నుకుంటున్నారు.

"తెర సున్నా అంటోంది రత్నం గారూ," అన్నాడు నవ్వుతూ.

"అవును. సున్నా. అదే నా పని."

"తెర కొలిచింది తప్పు లెక్క," అన్నాడు డాక్టర్, ఏ గోలు మీదకి ఎన్ని బంతులొచ్చాయో రాసుకున్న పుస్తకం చూపిస్తూ. "కొలత పెట్టినవాణ్ణి నేనే. తప్పు నాది. ఈ నివేదికలో అదే రాస్తాను."

ప్రద్యుమ్న ఏమాత్రం కంగారుపడలేదు. "నేను కాదనడంలేదే! అరుపు పనిచేస్తుందని ఇవాళ తెలిసింది, మంచిదే. అయితే మీ ఒక్కరి గొంతుమీద ఎన్నాళ్ళు ఆధారపడతాం? రెండు రోజులు స్టూడియోలో కూర్చుని మీ కేకలన్నీ రికార్డు చేసివ్వండి. డిఫెండర్ల చెవుల్లో చిన్న బటన్ల లాంటి స్పీకర్లు పెడతాం. కెమెరా చూస్తుంది, మీ గొంతు అరుస్తుంది. కీపర్లు పట్టీతో బంతులు ఆపుతారు. మీ పేరు శాశ్వతంగా ఉంటుంది."

రత్నం నోరు తెరిచి ఏదో అనబోయింది. అంతలో ఆయన భుజం మీదుగా కనబడింది. అవతలినుంచి గురితప్పిన బంతి ఒకటి నేరుగా ఆయన తల వెనక భాగానికేసి వస్తోంది.

"వొంగు!"

ప్రద్యుమ్న వంగాడు. ఎందుకని అడగలేదు, ఎటని చూడలేదు. ఇస్త్రీ ప్యాంటుతో పచ్చికలో మోకాళ్ళ మీద పడ్డాడు. బంతి ఆయన జుట్టును రాసుకుంటూ, రత్నం భుజం పక్కగా పోయి, ఆమె వెనకున్న ప్రకటన బోర్డుకు ధడాలున తగిలింది. అవతలి పిల్లలు తన్నడం ఆపేశారు.

రత్నం ఆయనకు చెయ్యి అందించి లేవదీసింది.

"మీ మెడకి పట్టీ లేదు. చెవిలో బటనూ లేదు. మరెందుకు వొంగినారు సార్?"

ఆయన తల వెనక తడుముకున్నాడు.

"నేను చూసినాను కాబట్టి. చూసి భయపడినాను కాబట్టి. మీరు నాకు నచ్చకపోయినా సరే, మీ తల పగిలిపోద్దని భయమేసింది. ఆ భయాన్ని స్టూడియోలో ఎలగ రికార్డు చేస్తారు?" చేతి తొడుగులు విప్పి చంకలో పెట్టుకుంది. "నా కేక ఇవ్వను. అకాడమీలో ఏ పిల్ల మెడకీ పట్టీ ఎయ్యనివ్వను. రాసిస్తానన్నారు, రాసివ్వండి."

"ఇవ్వకపోతే?" అన్నాడు ప్రద్యుమ్న, మోకాళ్ళ మీది మట్టి దులుపుకుంటూ.

"రేపు పొద్దున్న ఆరింటికి ప్రాక్టీసు. ఉత్తి మెడతో వస్తాను. కావాలంటే గేటుకి తాళమేయించుకోండి." రత్నం అప్పటికే సుంకమ్మ వైపు నడుస్తోంది. మోనిక ఆమె పక్కకి వచ్చి చేరింది, ఒక చెయ్యి మెడ వెనక పెట్టుకుని. "గోడవతల నిలబడి అరుస్తాను. మావాళ్ళకి వినబడతాది."